ఏ ముక్క ఎవరి దగ్గర ఉంది?

ఒక్క ప్రాసెస్‌తో నడిచినంతకాలం ప్రోగ్రామ్ సరైన జవాబే ఇచ్చింది. పనిని నాలుగు ప్రాసెస్‌లకు పంచగానే జవాబు మారిపోయింది. ఎర్రర్ మెసేజ్ లేదు. ప్రోగ్రామ్ మధ్యలో కూలిపోలేదు. అవుట్‌పుట్ ఫైలు నిండా తీరైన అంకెలున్నాయి, కానీ అవి తప్పు అంకెలు. ప్యారలల్ కంప్యూటింగ్‌లో అడుగుపెట్టిన ప్రతి విద్యార్థికీ, ప్రతి ఇంజినీరుకూ ఇలాంటి రోజు ఒకటి వస్తుంది. ఆ రోజు మీరు ఏం చేస్తారన్నది మీ తెలివితేటల కంటే మీ అలవాట్ల మీదే ఎక్కువ ఆధారపడి ఉంటుంది.

చాలామంది వెంటనే సమీకరణాల మీద పడతారు. టైమ్‌స్టెప్ తగ్గిస్తారు, కంపైలర్ ఆప్షన్లు మారుస్తారు, లూప్‌లో ఒకచోట ఒకటి కలిపి, ఇంకోచోట ఒకటి తీసేసి చూస్తారు. తెల్లవారుజామున ఎలాగో జవాబు సరిపోతుంది. ఎందుకు సరిపోయిందో తెలియదు. మర్నాడు ఎనిమిది ప్రాసెస్‌లతో నడిపితే కథ మళ్లీ మొదటికొస్తుంది.

ఈ అధ్యాయం ఒకే ఒక్క అలవాటు నేర్పుతుంది. ఊహించడం మానండి, ప్రతి ప్రాసెస్ చేతా తన దగ్గరున్న డేటా ఏదో చెప్పించండి. "జవాబు ఎందుకు తప్పింది?" అని అడిగితే వంద కారణాలు తోస్తాయి. "ఏ ముక్క ఎవరి దగ్గర ఉంది?" అని అడిగితే ఒకటే సమాధానం ఉంటుంది. దాన్ని మీరు ఊహించక్కర్లేదు, ప్రోగ్రామే చెబుతుంది.

లెక్క కంటే ముందు పంపకం

ఈ ప్రశ్న కంప్యూటర్ల కంటే పాతది. బ్రిటిష్ శాస్త్రవేత్త లూయిస్ ఫ్రై రిచర్డ్‌సన్ 1922లో, వాతావరణాన్ని లెక్కలు వేసి ముందే చెప్పే పద్ధతి మీద ఒక పుస్తకం ప్రచురించాడు. అందులో ఒక బ్రహ్మాండమైన హాలును ఊహించాడు. గోడల మీద ప్రపంచ పటం, 64,000 మంది కూర్చుని చేత్తో లెక్కలు వేస్తుంటారు. ఎవరికి వారు పటంలో తమ భాగం మాత్రమే చూసుకుంటారు. ప్రతి భాగం దగ్గరా వెలిగే చిన్న పలకల మీద అక్కడి తాజా విలువలు కనిపిస్తుంటాయి, పక్క భాగం వాళ్లు వాటిని చూసి తమ లెక్కలో వాడుకుంటారు.

నేటి సూపర్‌కంప్యూటర్‌లో జరిగేదీ అదే. గ్రిడ్‌ను ముక్కలు చేస్తాం, తలా ఒక ముక్క ఇస్తాం, అంచు విలువలను ఇరుగుపొరుగుకు అందిస్తాం. అలా అందించుకోవడానికి 1994లో ఎంపీఐ (మెసేజ్ పాసింగ్ ఇంటర్‌ఫేస్) ప్రమాణం వచ్చింది. ఇప్పటికీ సూపర్‌కంప్యూటర్ల మీది శాస్త్రీయ ప్రోగ్రాముల్లో చాలావరకు దాని మీదే నడుస్తున్నాయి.

ఎంపీఐ గురించి మనసులో నాటుకోవాల్సిన సత్యం ఒకటుంది. మామూలుగా ప్రాసెస్‌లకు ఉమ్మడి మెమరీ ఉండదు. పంపనిది ఎవరికీ చేరదు. కోడ్ ఒక్కటే కాబట్టి వేరియబుల్ కూడా ఒక్కటేనని కన్ను మోసపోతుంది. కానీ ఒకే పేరున్న వేరియబుల్ ప్రతి ప్రాసెస్‌లోనూ వేరువేరుగా ఉంటుంది. ర్యాంకు అంటే ఒక్కో ప్రాసెస్‌కు ఎంపీఐ ఇచ్చే సంఖ్య. ర్యాంకు 0 ఫైలు చదివి గ్రిడ్ సైజు తెలుసుకుందనుకోండి. బ్రాడ్‌కాస్ట్ చేసేదాకా, అంటే అందరికీ పంపేదాకా, ర్యాంకు 1కి ఆ సైజు తెలియదు. దాని దగ్గర సున్నా ఉండొచ్చు, చెత్త విలువ ఉండొచ్చు. అలాగే ర్యాంకు 2లో సున్నా స్థానంలో ఉన్న విలువ, మొత్తం ఎరేలో ఆరో స్థానానిది కావచ్చు. స్థానిక సంఖ్య వేరు, మొత్తం మీద సంఖ్య వేరు. పంపకంలో వచ్చే తప్పుల్లో చాలావరకు ఈ రెండూ కలిసిపోవడం వల్ల పుట్టేవే.

పది విలువలు, నాలుగు ప్రాసెస్‌లు

మీ పెద్ద గ్రిడ్‌ను కాసేపు పక్కన పెట్టండి. ఒక కాగితం తీసుకుని పది విలువలను నాలుగు ప్రాసెస్‌లకు పంచండి. ఈ అంకెలు కావాలనే ఎంచుకున్నవి, ఎందుకంటే పదిని నాలుగు నిశ్శేషంగా భాగించదు. తలా రెండు ఇస్తే రెండు మిగులుతాయి. మిగిలినవి మొదటి ఇద్దరికీ చెరొకటి ఇద్దాం. ర్యాంకుల వరుసలో వాటాలు 3, 3, 2, 2. మొదలయ్యే స్థానాలు 0, 3, 6, 8.

ఇప్పుడు కోడ్‌లో తరచూ కనిపించే తప్పు చూడండి. మొదలయ్యే స్థానం కోసం "ర్యాంకు ఇంటూ నా వాటా" అని రాస్తారు. ర్యాంకు 0కి 0 వస్తుంది, ర్యాంకు 1కి 3 వస్తుంది, రెండూ సరే. ర్యాంకు 2 వాటా రెండే కాబట్టి దానికి 4 వస్తుంది, ర్యాంకు 3కి 6 వస్తుంది. అంటే 4, 5 స్థానాలు ఇద్దరి దగ్గర ఉన్నాయి. 8, 9 స్థానాలు ఎవరి దగ్గరా లేవు.

వాటాలన్నీ కూడితే మాత్రం సరిగ్గా పదే వస్తుంది. మొత్తం సరిపోయిందని తృప్తిపడేవారికి ఈ తప్పు కనిపించదు. పన్నెండు విలువలతో పరీక్షించేవారికీ కనిపించదు. అప్పుడు అందరి వాటా మూడే, స్థానాలు 0, 3, 6, 9 అని చక్కగా వచ్చేస్తాయి. సరైన సూత్రం ఇదీ: ర్యాంకును కనీస వాటాతో గుణించండి, ర్యాంకు, మిగులు ఈ రెండింటిలో ఏది చిన్నదైతే దాన్ని కలపండి. ర్యాంకు 3కి మూడు రెళ్లు ఆరు, దానికి రెండు కలిపితే 8.

ఇక్కడ నేర్చుకోవాల్సినవి రెండు. మొదటిది, భాగించబడని సంఖ్యలతో పరీక్షించండి. 100ను 4 ప్రాసెస్‌లకు పంచి సంతోషపడకండి, 17ను 3 ప్రాసెస్‌లకు పంచి చూడండి. రెండోది, వాటాల మొత్తాన్ని కాదు, ప్రతి స్థానాన్నీ సరిచూడండి. ప్రతి ప్రాసెస్ సున్నాలతో నిండిన పది గదుల ఎరే ఒకటి తీసుకుని, తనకు చెందిన స్థానాల్లో మాత్రమే 1 వేయాలి. అన్నింటినీ రిడ్యూస్‌తో కూడండి. ప్రతి గదిలోనూ ఒకటే రావాలి. సున్నా వస్తే ఆ స్థానానికి దిక్కు లేదు, రెండు వస్తే దానికి ఇద్దరు యజమానులున్నారు.

రెండు దిశల గ్రిడ్‌కు వెళ్లేసరికి ఇంకొన్ని ఉచ్చులు ఎదురవుతాయి. ఎరేను ముక్కలుగా పంచే ఎంపీఐ ఫంక్షన్ స్కాటర్‌వి అడిగేది వరుసల సంఖ్య కాదు, బైట్ల సంఖ్యా కాదు, మీరు చెప్పిన డేటాటైప్‌లో ఎన్ని విలువలన్నది. పది వరుసలు, ఐదు నిలువు వరుసలున్న గ్రిడ్‌ను డబుల్స్‌గా పంపితే వాటాలు 15, 15, 10, 10 కావాలి, మొదలయ్యే స్థానాలు 0, 15, 30, 40 కావాలి. సి భాషలో ఒక్కో వరుసకూ విడివిడిగా మ్యాలక్ చేస్తే ఆ వరుసలు మెమరీలో పక్కపక్కన ఉంటాయన్న హామీ లేదు. ఎంపీఐ మాత్రం అవి వరుసగా ఉన్నాయనే నమ్మి పంపేస్తుంది. ఫోర్‌ట్రాన్‌లో మెమరీ నిలువు వరుసల వెంట సాగుతుంది, లెక్క ఒకటి నుంచి మొదలవుతుంది. ఒక భాషలో రాసిన పంపకాన్ని మరో భాషలోకి యథాతథంగా తీసుకెళితే గ్రిడ్ అడ్డం నిలువుగా మారిపోతుంది.

గ్రిడ్ పెరిగాకే బయటపడే తప్పు కూడా ఒకటుంది. పాత స్కాటర్‌వి వాటాలను సాధారణ పూర్ణసంఖ్యల్లో తీసుకుంటుంది. దాని హద్దు 2,147,483,647. 50,000 వరుసలు, 50,000 నిలువు వరుసలున్న గ్రిడ్‌లో 250 కోట్ల విలువలుంటాయి. మొదలయ్యే స్థానం ఆ హద్దు దాటగానే సంఖ్య పొంగిపోయి రుణాత్మకమవుతుంది. 2021లో వచ్చిన ఎంపీఐ 4.0 పెద్ద సంఖ్యలకు వేరే ఫంక్షన్లు ఇచ్చింది. మీ లైబ్రరీ ఏ వెర్షనో ఇప్పుడే తెలుసుకోండి.

విలువల బదులు చిరునామాలు

ఈ అధ్యాయంలో ఒక్క విషయమే గుర్తుంచుకోగలిగితే దీన్నే గుర్తుంచుకోండి. డీబగ్ చేస్తున్నప్పుడు ఎరేలో ఉష్ణోగ్రతలు, పీడనాలు నింపకండి. ప్రతి గదిలోనూ దాని చిరునామానే నింపండి.

ర్యాంకు 2 దగ్గర 27.4 అన్న ఉష్ణోగ్రత కనిపించిందనుకోండి. అది అక్కడ ఉండాల్సిందేనా? చూసి చెప్పలేరు. పక్క గదిలో 27.3 ఉంటుంది, దానికీ దీనికీ ఎవరూ తేడా పట్టలేరు. అదే గదిలో వరుస సంఖ్యను వెయ్యితో గుణించి, నిలువు వరుస సంఖ్య కలిపి నింపారనుకోండి. 12007 అంటే 12వ వరుస, 7వ నిలువు వరుస. 12007 ఉండాల్సిన చోట 7012 కనిపిస్తే అడ్డం నిలువు తారుమారయ్యాయి. 12008 కనిపిస్తే పంపకం ఒక గది పక్కకు జరిగింది. 13007 కనిపిస్తే ఒక వరుస కిందికి జారింది. నిలువు వరుసలు వెయ్యి లోపు ఉన్నంతకాలం ప్రతి విలువా తాను ఎక్కడి నుంచి వచ్చిందో తానే చెబుతుంది.

తర్వాత లెక్కను పూర్తిగా తీసేయండి. పంచండి, ఏమీ చేయకుండా గ్యాదర్‌తో తిరిగి కూర్చండి, మొదట ఉన్నదానితో పోల్చండి. పంచి కూర్చితే పాతదే రావాలి. రాకపోతే సమీకరణాల జోలికి వెళ్లాల్సిన పనే లేదు, తప్పు పంపకంలోనే ఉంది. వచ్చిందంటే మాత్రం పూర్తిగా నిశ్చింత వద్దు. పంచడంలోనూ కూర్చడంలోనూ ఒకే తప్పు సూత్రం వాడితే రెండూ ఒకదాన్నొకటి కప్పిపుచ్చుకోవచ్చు. అందుకే మధ్యలో ప్రతి ర్యాంకూ తన మొదటి చిరునామా, చివరి చిరునామా చెప్పాలి.

ఆ చెప్పించడంలోనూ ఒక జాగ్రత్త ఉంది. నాలుగు ప్రాసెస్‌లూ ఒకేసారి ప్రింట్ చేస్తే స్క్రీన్ మీద వరుస కలగాపులగమవుతుంది. మధ్యలో బ్యారియర్లు పెట్టినా స్క్రీన్ మీద వరుస కుదురుతుందన్న హామీ లేదు. ఒక్కో ర్యాంకు ఒక్కో ఫైలులో రాయాలి, లేదా అందరి వివరాలూ ర్యాంకు 0 సేకరించి అదొక్కటే ప్రింట్ చేయాలి. ప్రతి పంక్తి ముందూ ర్యాంకు సంఖ్య తప్పనిసరి.

పెట్‌సీ, స్కేలాప్యాక్ లాంటి లైబ్రరీలు వాడేవారికి పంపకం శ్రమ తప్పుతుంది, కానీ పంపకం గురించి తెలుసుకునే బాధ్యత తప్పదు. స్కేలాప్యాక్ మాత్రికను చిన్న బ్లాకులుగా చేసి వంతులవారీగా పంచుతుంది. బ్లాకు సైజు రెండు, ప్రాసెస్‌లు రెండు అయితే 0, 1 మొదటి ప్రాసెస్‌కు. 2, 3 రెండోదానికి. 4, 5 మళ్లీ మొదటిదానికి. పెట్‌సీలో రెండు దిశల గ్రిడ్‌ను పంచితే, దాని లోపలి వరుస సంఖ్యలు ఒక ప్రాసెస్ ముక్క పూర్తయ్యాకే మరో ముక్కకు వెళతాయి. మీరు కాగితం మీద గ్రిడ్‌కు అడ్డంగా వేసుకున్న సంఖ్యలతో అవి కలవవు. ఏ ర్యాంకుకు ఎక్కడి నుంచి ఎక్కడిదాకా చెందుతుందో చెప్పే ఫంక్షన్ పెట్‌సీలో ఉంది. దాన్ని పిలవండి, ప్రింట్ చేయండి, ఆ తర్వాతే ముందుకు వెళ్లండి.

గట్టు దగ్గర వెతకండి

అన్నదమ్ములు పొలం పంచుకున్నాక తగాదా ఎప్పుడూ పొలం నడుమ రాదు, గట్టు దగ్గరే వస్తుంది. గ్రిడ్ పంపకంలోనూ అంతే. ముక్క లోపలి గదులకు కావాల్సినవన్నీ సొంత మెమరీలోనే ఉంటాయి. అంచు గదికి మాత్రం పక్క ప్రాసెస్ దగ్గరున్న విలువ కావాలి. ఆ విలువ నకలు దాచుకోవడానికి ప్రతి ముక్క చుట్టూ ఘోస్ట్ సెల్స్ అనే అదనపు వరుస ఉంటుంది. ప్రతి టైమ్‌స్టెప్‌లోనూ ఆ నకళ్లను తాజా పరచాలి. దీన్నే హేలో ఎక్స్‌చేంజ్ అంటారు.

దీన్ని పరీక్షించేందుకు ముందుగా ఘోస్ట్ సెల్స్ అన్నింటినీ నాన్‌తో నింపండి. నాన్ అంటే సంఖ్య కాని విలువ. కూడిక, తీసివేత, గుణకారం, భాగహారాల్లో ఎక్కడ కలిసినా ఫలితాన్నీ నాన్‌గానే మారుస్తుంది. సొంత గదుల్లో చిరునామాలు నింపండి. ఒక్కసారి ఎక్స్‌చేంజ్ చేసి ఆపండి. ఇప్పుడు పై ఘోస్ట్ వరుసలో మీ మొదటి వరుసకు ముందున్న వరుస చిరునామాలు కనిపించాలి. గ్రిడ్ బయటి అంచు కాని చోట నాన్ కనిపిస్తే సందేశం రాలేదు, లేదా పక్క ప్రాసెస్ ఇంకా నిండని తన ఘోస్ట్ వరుసను పంపింది. మీ మొదటి వరుస చిరునామాలే కనిపిస్తే పక్క ప్రాసెస్ తన సొంత వరుసకు బదులు అప్పటికే నిండిన తన ఘోస్ట్ వరుసను పంపింది.

మూలల్ని మరచిపోవద్దు. లెక్కకు నాలుగు వైపులా ఉన్న గదులే కావాలంటే మూలలతో పని లేదు. ఎనిమిది వైపులా కావాలంటే మూల గది కోణంలో ఉన్న ప్రాసెస్ నుంచి రావాలి. ముందు అడ్డం దిశలో పంపి, తర్వాత అప్పుడే అందిన ఘోస్ట్ గదులను కూడా కలుపుకుని నిలువు దిశలో పంపితే మూలలు వాటంతటవే చేరతాయి. రెండు దిశలనూ ఒకేసారి పంపేస్తే మూలల్లో పాత విలువలే ఉండిపోతాయి.

ప్రాసెస్‌ల సంఖ్యను మెట్టుమెట్టుగా పెంచండి. ఒక్క ప్రాసెస్‌తో ఇరుగుపొరుగు ఉండదు. రెండింటితో ప్రతిదానికీ ఒక్క పక్కే ఉంటుంది. మూడో ప్రాసెస్ వచ్చాకే మధ్యవాడు పుడతాడు, రెండు పక్కలా పొరుగున్నవాడు. అందుకే రెండింటితో సరిపోయి మూడింటితో తప్పే ప్రోగ్రాములు ఎక్కువ. గ్రిడ్ చుట్టుతిరిగి కలిసే రకమైతే రెండు ప్రాసెస్‌ల పరీక్ష చాలా విలువైనది. అప్పుడు ఎడమ పొరుగు, కుడి పొరుగు ఒకే ప్రాసెస్. రెండు సందేశాలకూ ఒకే ట్యాగ్ ఇస్తే ఎడమది కుడిలోకి వెళ్లిపోవచ్చు.

పోల్చేటప్పుడు వెయ్యో టైమ్‌స్టెప్ చూడకండి, మొదటిది చూడండి. తప్పు గట్టు దగ్గర పుట్టి స్టెప్పుకో గది చొప్పున లోపలికి పాకుతుంది. వెయ్యో స్టెప్పుకు గ్రిడ్ అంతా తప్పే, ఎక్కడ మొదలైందో తెలియదు. మొదటి స్టెప్పులో అది సరిగ్గా రెండు ముక్కలు కలిసేచోట గీతలా కనిపిస్తుంది.

హైదరాబాద్‌లోని సముద్ర సమాచార సేవల సంస్థ ఇన్‌కాయిస్ మన తీరంలోని మత్స్యకారులకు అలల ఎత్తు, గాలులు, ప్రవాహాల అంచనాలు ఇస్తుంది. సముద్రాన్ని గ్రిడ్‌గా చేసి లెక్కించే మోడళ్ల నుంచే అలాంటి అంచనాలు పుడతాయి. ఈ రంగంలో ఉన్నవారు లెక్కించే ఒక అంచు గది మీద ఆధారపడిన అంచనాను చూసి, ఎక్కడో ఒకరు పడవ సముద్రంలోకి దింపాలా వద్దా తేల్చుకోవచ్చు. ఈ పట్టింపు అంతా అందుకే.

ఆగిపోయిన ప్రోగ్రామ్ కూడా మాట్లాడుతుంది

కొన్నిసార్లు ప్రోగ్రామ్ తప్పు జవాబు ఇవ్వదు, అసలు జవాబే ఇవ్వకుండా నిలబడిపోతుంది. అందరూ ముందు సెండ్, తర్వాత రిసీవ్ చేసేలా రాశారనుకోండి. చిన్న సందేశాలను ఎంపీఐ సాధారణంగా తన బఫర్‌లో దాచుకుని సెండ్‌ను వెంటనే ముగిస్తుంది. సందేశం పెద్దదయ్యాక అవతలివాడు అందుకునేదాకా సెండ్ ముగియకపోవచ్చు. అందరూ పంపుతూ నిలబడితే అందుకునేవారెవరు? చిన్న గ్రిడ్‌తో నెలలపాటు నడిచిన కోడ్ పెద్ద గ్రిడ్ పెట్టగానే ఆగిపోవడానికి ఇది చాలా పాత కారణం.

దీన్ని ముందే పట్టుకోవచ్చు. పరీక్ష కోసం సెండ్ ఉన్న ప్రతిచోటా ఎస్‌సెండ్ పెట్టండి. అవతలివాడు అందుకోవడం మొదలుపెట్టేదాకా ఎస్‌సెండ్ ముగియదు, కాబట్టి దాగి ఉన్న ప్రమాదం చిన్న గ్రిడ్‌తోనే బయటపడుతుంది. సరిదిద్దడానికి సెండ్‌రిసీవ్ వాడండి, లేదా ఐసెండ్, ఐరిసీవ్ వాడి చివర వెయిట్‌ఆల్ పెట్టండి. వెయిట్ పూర్తయ్యేదాకా ఆ బఫర్‌ను ముట్టుకోవద్దు.

రెండో కారణం కలెక్టివ్ ఫంక్షన్లు. బ్రాడ్‌కాస్ట్, రిడ్యూస్, గ్యాదర్‌లను ఆ కమ్యూనికేటర్‌లోని ప్రాసెస్‌లన్నీ పిలవాలి. "ర్యాంకు సున్నా అయితే" అన్న షరతు లోపల బ్రాడ్‌కాస్ట్ రాసినవారు డేటాను ఎవరికీ పంచలేదన్నమాట. ఆగిపోయినప్పుడు డీబగ్గర్‌ను ప్రతి ప్రాసెస్‌కూ తగిలించి ఎవరు ఏ పంక్తిలో ఉన్నారో చూడండి. ముగ్గురు ఒకచోట, ఒకరు ఇంకోచోట ఉంటే ఆ ఒంటరివాడి దగ్గరే మీ తప్పు ఉండే అవకాశం ఎక్కువ. పెద్ద యంత్రాల మీదా ఇదే సూత్రం. అమెరికాలోని లారెన్స్ లివర్‌మోర్ ప్రయోగశాల, విశ్వవిద్యాలయాలతో కలిసి తయారుచేసిన స్టాట్ అనే సాధనం ఒకేచోట ఆగిన ప్రాసెస్‌లను గుంపులుగా చూపిస్తుంది. 2008 నాటికే దాన్ని రెండు లక్షలకు పైగా ప్రాసెస్‌ల మీద నడిపారు.

తప్పు కాని తేడా

ప్రతి తేడా బగ్ కాదు. కంప్యూటర్‌లో దశాంశ సంఖ్యల కూడిక వరుసను బట్టి మారుతుంది. 1 పక్కన 16 సున్నాలున్న సంఖ్యకు డబుల్ ప్రెసిషన్‌లో ఒకటి కలిపి, మళ్లీ ఆ పెద్ద సంఖ్యను తీసేస్తే సున్నా వస్తుంది. ముందు పెద్ద సంఖ్యలో పెద్ద సంఖ్యను తీసేసి తర్వాత ఒకటి కలిపితే ఒకటి వస్తుంది. ప్రాసెస్‌ల సంఖ్య మారితే కూడే వరుస మారుతుంది, కాబట్టి మొత్తాల చివరి అంకెల్లో తేడా సహజం. పదిహేనో అంకెలో తేడా వస్తే రాత్రంతా మేలుకోనక్కర్లేదు. నాలుగో అంకెలో తేడా వస్తే "రౌండింగ్ వల్లేలే" అని సర్దుకోవద్దు. అనుమానం ఉంటే దశాంశాలు తీసేసి పూర్ణసంఖ్యలతో నడిపించండి. హద్దు దాటనంతవరకు పూర్ణసంఖ్యల కూడికకు వరుసతో పని లేదు. అప్పటికీ తేడా ఉంటే అది కచ్చితంగా బగ్గే.

సాయం అడిగే తీరు

పంపకాన్ని ఇలా పరిశీలించినవారు సాయం అడిగే తీరే మారిపోతుంది. "సార్, ప్యారలల్ కోడ్ పనిచేయట్లేదు సార్" అంటే మీ గైడ్ చెప్పగలిగేది తక్కువ. "సార్, పది విలువలు, నాలుగు ప్రాసెస్‌లు. ర్యాంకు 2 ఆరో స్థానం నుంచి మొదలవ్వాలి, నాలుగు నుంచి మొదలవుతోంది. పన్నెండు విలువలతో మాత్రం సరిగ్గానే ఉంది" అని అడగండి. ఆ వాక్యం పూర్తయ్యేలోపే సగంసార్లు జవాబు మీకే తడుతుంది. ఎంత చిన్న సమస్యలో తప్పు కనిపించింది, ఏం రావాలి, ఏం వచ్చింది: ఈ మూడూ లేకుండా ఎవరినీ అడగవద్దు. మీ జూనియర్ మిమ్మల్ని అడగడానికి వచ్చినప్పుడూ ముందుగా ఈ మూడే అడగండి. వాళ్ల కీబోర్డు లాక్కుని మీరే సరిచేసి ఇవ్వకండి.

ఈ వారం సాధన

1. మీ ప్రోగ్రామ్‌లో పంపకం సూత్రం ఉన్న చోటు వెతికి దాన్ని ఒక్క ఫంక్షన్‌గా మార్చండి. మొత్తం విలువలు, ప్రాసెస్‌ల సంఖ్య, ర్యాంకు ఇస్తే మొదలు, వాటా తిరిగి ఇవ్వాలి. మిగతా కోడ్ అంతా దాన్నే పిలవాలి.

2. ఆ ఫంక్షన్‌ను ఎంపీఐ లేకుండానే పరీక్షించండి. ఒకటి నుంచి యాభై దాకా విలువలు, ఒకటి నుంచి పది దాకా ప్రాసెస్‌లు తీసుకుని, ప్రతి జతలోనూ ప్రతి స్థానానికీ ఒకే యజమాని ఉన్నాడో లేదో చూడండి. విలువల కంటే ప్రాసెస్‌లు ఎక్కువైన సందర్భం కూడా ఇందులో వస్తుంది. అప్పుడు కొందరి వాటా సున్నా.

3. చిరునామాలు నింపి పంచి కూర్చే పరీక్ష, నాన్ నింపి హేలో చూసే పరీక్ష రాయండి. ఒకటి, రెండు, మూడు, నాలుగు ప్రాసెస్‌లతో నడపండి.

4. ఈ పరీక్షలను పని అయిపోయాక చెరిపేయకండి. ఒక ఆప్షన్ ఇస్తే నడిచేలా ప్రోగ్రామ్‌లోనే ఉంచండి. కొత్త యంత్రం మీదికి వెళ్లినప్పుడు, కొత్త కంపైలర్ వచ్చినప్పుడు, కొత్త సభ్యుడు బృందంలో చేరినప్పుడు మొదట నడిపేది అవే కావాలి.

ఈ నాలుగూ చేశాక కూడా బగ్‌లు వస్తాయి. కానీ అప్పుడు మీరు చీకట్లో ఉండరు. పంపకం సరిగ్గా ఉందన్న రుజువు మీ చేతిలో ఉంటుంది, వెతకాల్సింది ఇక సమీకరణాల్లోనే. ఏది రుజువైందో, ఏది కేవలం అనుకుంటున్నామో విడదీసి చూడగలగడమే ఈ వృత్తిలో అసలైన ఆత్మవిశ్వాసం. అది ఎవరో ఇస్తే వచ్చేది కాదు, పది విలువలను నాలుగు ప్రాసెస్‌లకు చేత్తో పంచిచూస్తే వచ్చేది.